ఆగి ఆగి వచ్చే పాట

మున్నీ, నీ పాటను పాడుచేశాడమ్మా ఆ మెకానిక్కు!

మన ఈడువాళ్లకు గుర్తుందా, సూట్‌కేసులా మూత తెరిచే రికార్డు ప్లేయరు? డెబ్బైల్లో, పటాన్‌చెరు ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో మా ఆయన తెచ్చాడు. లోపలి బెల్టు సాగిపోయి పాట ఈడ్చుకుంటూ వచ్చేది. నా కూతురు మున్నీ ఆ ఈడ్పుకే గౌను అంచు పట్టుకొని ఆగి ఆగి ఆడేది. ఏడేళ్లకే జ్వరంతో పోయింది.

మొన్న ప్లేయరు ముల్లు అరిగిందని సంగారెడ్డిలో బాగుచేయించాను. అడిగినంత ఇచ్చాను. ఇంట్లో పెడితే పాట పరుగెత్తింది. నా బిడ్డ అడుగు పడే చోటే లేదు అందులో. ఒళ్లు మండి మళ్లీ వెళ్లాను.

"బెల్టు కొత్తది ఏసిన అమ్మా. ఇదే అసలు స్పీడు. ఇన్నేండ్లు తప్పు విన్నరు మీరు," అని నవ్వాడు.

"నిన్నెవడు ఏయమన్నడు? ముల్లు మార్చమంటే ముల్లే మార్చాలె! నా బిడ్డ గట్లనే ఆడింది. పాతదే పెట్టు!"

"మళ్ల గట్లనే ఏడుస్తది గద పాట."

"ఏడ్వనియ్యి!"

చెత్తడబ్బాలో వెతికి పెట్టాడు. ఇప్పుడు మెల్లగానే వస్తోంది. కోపం మాత్రం తగ్గలేదు, వాడి మీదో, ఆ జ్వరం మీదో. పొద్దుటి నుంచి నాకు ముద్ద దిగలేదు. నా గోడు విన్న మీరు మాత్రం కడుపునిండా తినండి.