చెక్కేసిన కొమ్ము

మ్యూజియంలో ఆమె అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. కోటు కాలరుకు ఎప్పుడూ ఒక వంకర సూది గుచ్చి ఉంటుంది కాబట్టి అందరికీ సూదమ్మే. చచ్చిన జంతువుల తోళ్లను చెక్క అచ్చుల మీద కుట్టి, బతికున్నట్టు నిలబెట్టడం ఆమె పని. ఆమెకు ముందు అది వాళ్ల నాన్న పని, ఆయనకు ముందు తాతయ్య పని. ఆకలి లేని పులికి కోపం ఎలా తెప్పించాలో ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

నాన్న ఆమెకు నేర్పిన మొదటి పాఠం కుట్టు గురించి కాదు. "గాయం కనబడకూడదమ్మా. తూటా తగిలిన చోటు, పాత దెబ్బ, పుండు, కాయ, ఏదున్నా సాపుగా చెక్కేసి, పుట్టీ పెట్టి, రంగెయ్యాలి. చూసేవాడికి నిండు జంతువు కనబడాలి" అనేవాడు. ఆ పనిలో సూదమ్మ తండ్రిని ఎప్పుడో మించిపోయింది. ఆ మాట ఆయన ఒప్పుకోడు, ఆమె ఒప్పించబోదు. ఇల్లు అలా సాఫీగా నడిచిపోతోంది.

పెద్ద హాల్లో తాతయ్య నిలబెట్టిన ఖడ్గమృగం ఉంది. కింద అట్టమీద 'చిన్న ఒంటికొమ్ము ఖడ్గమృగం' అనీ, దాన్ని కాల్చిన దొరగారి పేరూ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. రిటైరైన నాన్న, మోకాళ్లు మొరాయిస్తున్నా, వారానికోసారి వచ్చి దాని ముక్కు నిమిరి పోతాడు. "అతుకు కనబడితే చెవి కోసుకుంటా" అని దారినపోయేవాళ్లను కూడా సవాలు చేస్తాడు.

ఒక ఏడాది మ్యూజియంకు పరిశోధకురాలు ఒకామె వచ్చింది. ఆసియాలో ఖడ్గమృగాలు ఒకప్పుడు ఎక్కడెక్కడ తిరిగేవో వేటగాళ్ల ఉత్తరాలు, బాటసారుల రాతలు, పాత తోళ్లు, పుర్రెలు చూసి పోగుచేస్తోంది. మ్యూజియంవాళ్లు ఆమెకు రికార్డులావిడ అని పేరు పెట్టేశారు.

"ఉన్నవి మూడు రకాలు. రెండిటికి ఒక్కో కొమ్ము, ఒకదానికి రెండు. ఆ మహానుభావులేమో ఖడ్గమృగాన్ని కొట్టాం అని రాసి చేతులు దులుపుకున్నారు. ఏది కొట్టారో ఎవరికి తెలుసు?" అని రికార్డులావిడ వాపోయింది. తర్వాత తాతయ్య జంతువు చుట్టూ రెండుసార్లు తిరిగింది. "ఇది ఒంటికొమ్ముది అంటే నాకు నమ్మకం కుదరడం లేదు. తోలు మడతలు తేడాగా ఉన్నాయి."

"మడతలు నమ్మకండి. అవి కుట్టినవాడి ఇష్టం" అంది సూదమ్మ. అన్నదే గాని, కళ్లు ముక్కు పైభాగం మీద ఆగిపోయాయి. రెండు కొమ్ముల జాతికి వెనక కొమ్ము ఒక్కోసారి చిన్న బొడిపెలా ఉంటుందని రికార్డులావిడ చెప్పింది. బతికున్న ఖడ్గమృగాన్ని తాతయ్య ఎన్నడూ చూడలేదు. ఆయన ముందుకు ఎండిన తోలు వచ్చింది, దానిమీద పుండు కాయకట్టినట్టు ఒక బొడిపె ఉండి ఉంటుంది. ఇక ఆయన ఏం చేసి ఉంటాడో సూదమ్మకు ఒకరు చెప్పాలా? తనైనా అదే చేసేది.

పుట్టీ తీస్తే, రెండు కొమ్ముల జంతువు ఈ అడవుల్లో ఉండేదని తేలుతుంది. కానీ నాన్న తలెత్తుకు తిరిగే ఒకే ఒక్క సంగతి మంటగలిసిపోతుంది. అయినా సూదమ్మకు దొంగచాటుగా చెయ్యబుద్ధి కాలేదు. నాన్నను పిలిపించింది.

ఆయన ఇంతెత్తున లేచాడు. "మా నాన్న పనిమీద కత్తి పెడతావా? దీనికి ఒకటే కొమ్ము!" తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను లోకం చూసింది గాని, ఖడ్గమృగం దాకా వెళ్లినవాడు ఈయనే.

"తాతయ్య పని గొప్పది కాబట్టే నాన్నా, ఇన్నేళ్లూ ఎవరికీ దొరకలేదు. చేతకానివాడైతే మొదటి వానాకాలానికే పుట్టీ ఊడిపోయేది" అంటూ ఆమె కాలరు సూది తీసి ఆయన చేతిలో పెట్టింది. "నువ్వే చూడు. ఏది తోలో ఏది కాదో నీ చేతికి తెలీదా?"

ఆయన ముందు దవడ మీద గుచ్చాడు, గట్టి తోలు సూదిని దిగనివ్వలేదు. తర్వాత ముక్కు పైన. సూది సర్రున దిగి, లోపల దేనికో తగిలి ఆగింది. ఆయన సూది బయటికి లాగి, మొనకంటిన పొడిని వేళ్లతో నలిపాడు.

"పుట్టీ" అన్నాడు చివరికి. "కత్తి ఇవ్వమ్మా. నువ్వొద్దు, నేను తీస్తా."

పుట్టీ పొడిపొడిగా రాలింది. అడుగున నల్లగా, గోరులాంటి కొమ్ము మొదలు, సాపుగా చెక్కేసి ఉంది. రికార్డులావిడ సంతోషంతో అరవబోయి, ముసలాయన ముఖం చూసి నోరు మూసుకుంది.

మర్నాడు రికార్డులావిడ కొత్త అట్ట రాసి తెచ్చింది: 'రెండు కొమ్ముల ఖడ్గమృగం. తోలు కూర్చేటప్పుడు రెండో కొమ్మును తొలగించారు.'

"తొలగించారంటే ఎవరు, దయ్యాలా?" అన్నాడు ముసలాయన. "కాల్చినాయన పేరుందిగా. మా నాన్న పేరు కూడా రాయండి."

"తప్పు దగ్గర ఆయన పేరెందుకు బాబాయిగారూ?"

"ఇన్నేళ్లూ ఒప్పు దగ్గర ఎవరూ రాయలేదుగా తల్లీ."

సూదమ్మ తన చేత్తోనే తాతయ్య పేరు రాసింది, దొరగారి పేరు ఎంత ఉందో అంతే పెద్దగా. గాయం మీద మాత్రం మళ్లీ పుట్టీ పెట్టలేదు.

నాన్న ఇప్పటికీ వారానికోసారి వస్తాడు. వచ్చినవాళ్లను చెయ్యి పట్టుకుని దాని ముందుకు లాక్కెళ్తాడు. "ఇది మా నాన్న చేసింది. ఇదిగో, ఇక్కడే పొరపడ్డాడు" అని వేలు పెట్టి మరీ చూపిస్తాడు.