అంబలి తాగి సిపాయినవుదామని

పాకిస్తాన్ యుద్ధమయ్యి రెండేళ్ళయింది. అప్పట్లో నేను గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉండేవాణ్ణి. అయినా మిలిటరీలో చేరి దేశాన్ని కాపాడేద్దామని తీర్మానించుకున్నాను. దేశం పైకి చెప్పే మాటే. అసలు సంగతి నరసన్నపేటలో మా మేనమావ కూతురు. పిల్లనివ్వమని అడగాలంటే ఏదో ఒక ఉద్యోగముండాలి కదా. నేనేమో ఎస్సెల్సీ కూడా గట్టెక్కలేదు.

విజయనగరంలో సెలక్షన్లన్నారు. బరువు చాలదని నా బెంగ. ఆ మేనమావే తెల్లోళ్ళ రెండో పెద్ద యుద్ధంలో ఈజిప్టు వెళ్ళి మిలిటరీ వంటశాలలో చేసొచ్చినవాడు. ఉపాయం చెప్పమని ఆయన్నే అడిగాను.

"మా క్యాంపుకి పాలస్తీనా అరబ్బు కుర్రోళ్ళొచ్చీవోర్రా అల్లుడా, తెల్లోడి సైన్యంలో వాలంటీర్లుగా సేరడానికి. తిండి లేక అచ్చం నీలాగే ఉండీవోరు. తూకానికి ముందు కడుపు నిండా నీళ్ళు తాగీసి నెగ్గీసీవోరు. నువ్వు సోడంబలి తాగు, ఇంకా బరువు."

సెలక్షన్ రోజు రాగుల అంబలి కుండ పట్టుకుని తనే నాతో వచ్చాడు. గ్రౌండు గేటు దగ్గర కూర్చోబెట్టి ముంత మీద ముంత పోశాడు. చాలు మావా అంటే, "ఇంకోటి తాగరా, పిల్లనడగాలా వద్దా?" అన్నాడు. నా గుట్టు ఆయనకెప్పుడో తెలిసిపోయిందన్నమాట. సిగ్గుతో అదీ తాగేశాను.

తూకంలో నెగ్గాను. నెగ్గి మీసం కూడా దువ్వాను, లేని మీసం. అప్పుడు పరుగన్నారు. ఆ ముక్క మావ చెప్పలేదు. సగం దూరం వెళ్ళేసరికి అంబలి గొంతుకొచ్చేసింది. పరుగు పెట్టిస్తున్న హవల్దారుకి చెప్పుకుందామని నోరు తెరిచాను. మాట రాలేదు, అంబలే వచ్చింది, ఆయన బూట్ల మీదికి. నాకు హిందీ ముక్క రాదు గానీ, ఆయన తిట్టినవన్నీ అర్థమయ్యాయి.

బయటికొచ్చి మావ మీద ఎగిరాను. "పరుగుంటాదని నీకు తెలీదేటి? నా బతుకు బుగ్గి సేసీసినావు కద."

ఆయన ఖాళీ కుండ కడుగుతున్నాడు. "తెలుసురా," అన్నాడు, తలెత్తకుండానే. "నీళ్ళు తాగి నెగ్గిన ఆ కుర్రోళ్ళని ఓడెక్కించి గ్రీసు దేశం యుద్దానికి పంపీసినారు. దారికని నా సేత్తోనే రొట్టెలు కట్టిచ్చినాను. ఒక్కడూ మళ్ళీ నా కంటికి కనబళ్ళేదు. పద, ఇంటికెల్దాం. పిల్లని నీకిస్తన్నాను."

కోపం ఇంకా పోలేదు, పైగా ఏడుపొచ్చింది. "నాకు ఉద్యోగం లేదు కద మావా," అన్నాను.

"అందుకే ఇస్తన్నాను," అన్నాడు.