ఫెలోషిప్పుతో నాలుగడుగుల బేరం

ఆ రోజుల్లో మా ఊళ్ళో రిసెర్చి ఫెలోషిప్పు గెలుచుకున్నవాళ్ళు అక్కడో ఇక్కడో ఉండే ఉంటారు. గెలుచుకున్న ఫెలోషిప్పుకి "రేటు గిట్టుబాటు కావడం లేదు, కాస్త చూసి చెప్పండి" అని జవాబు రాసిన మొనగత్తెను మాత్రం నేనొక్కదాన్నే. ఈ విషయంలో నాకు పోటీ ఉందని ఎవరైనా అంటే ఋజువులు పట్టుకుని రావాలి, ఊరికే నమ్మను. పరీక్ష రాసి, ఇంటర్వ్యూలో నెగ్గిన పిల్లవి ఇంత తెలివితక్కువ పని ఎలా చేశావని అడుగుతారేమో. తెలివితక్కువ కాదండీ, పెంపకం. కొట్లో పెరిగిన పిల్లకి ప్రపంచమంతా కొట్టులాగే కనిపిస్తుంది, ఢిల్లీతో సహా.

జంషెడ్‌పూర్‌లో గోల్‌మురి బజారులో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. తాత శ్రీకాకుళం వైపు నుంచి కార్ఖానాలో పనికని వచ్చాడు. నాన్న మాత్రం కార్ఖానా గేటు లోపలికి వెళ్ళకుండా బయటే గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాడు. నేను బళ్ళో ఎక్కాలు అప్పజెప్పే వయసుకే కొట్లో నాలుగడుగుల శాస్త్రం నేర్చేసుకున్నాను. "ఒలే గుంటా, మొదట రేటుకి ఒప్పేసుకుంటే కొన్నోడికీ నిద్దరట్టదు, అమ్మినోడికీ నిద్దరట్టదు. ఇద్దరూ మోసపోనామనే అనుకుంటారు" అనేవాడు నాన్న. అందుకని రేటు నచ్చకపోతే వస్తువుని మెల్లిగా కింద పెట్టాలి (విసురుగా పెడితే కోపం అనుకుంటారు, కోపం ఉన్నచోట బేరం ఉండదు). వెనక్కి తిరిగి నడవాలి. మొదటి అడుగు చురుగ్గా, రెండోది నిదానంగా, మూడోది పక్క కొట్టు వైపు చూస్తూ. నాలుగో అడుగులో చెప్పు పట్టీ ఊడినట్టు వంగి సర్దుకోవాలి. ఆలోగా వెనకనుంచి పిలుపు వస్తుంది. "పిలవకపోతే?" అని నేను ఒకసారి అడిగాను. "పిలుత్తాడు" అన్నాడు నాన్న. పిలవకపోతే ఏం చెయ్యాలన్న పాఠం మా కొట్టు సిలబస్‌లో లేనే లేదు.

నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, తుప్పు మీద పరిశోధన చేస్తానని ఇంట్లో చెప్పినప్పుడు నాన్న మొహం చూడవలసింది. "జీవితమంతా తుప్పట్టదని సెప్పి గిన్నెలమ్మినాను. నువ్వెల్లి తుప్పు ఎలగడతాదో సదువుతావా? కొట్లో కస్టమరున్నప్పుడు ఆ మాటెత్తకు" అన్నాడు. కానీ ఫెలోషిప్పు వచ్చిందని ఢిల్లీ నుంచి మెయిల్ వచ్చిన రోజున కొట్టు ముందుకు వచ్చిన ప్రతివాడికీ ఆ మాట ఎత్తింది ఆయనే.

ఆ సాయంత్రం కొట్లోనే సభ. నాన్న, అమ్మ, చెల్లి, పక్కన తాళాలు అమ్మే తాళాల బాబాయి. నేను మెయిల్లో వచ్చిన ఉత్తరం ప్రింటు తీయించి తెచ్చి, చదివి తెలుగులో చెప్పాను: నెలనెలా ఇంత స్టైపెండు, హాస్టల్లో లేనివాళ్ళకి ఇంటద్దె కింద కొంత, పుస్తకాలకీ రసాయనాలకీ ఏడాదికి కొంత, ఇన్ని సెలవులు, అయిదేళ్ళ వరకు. సమ్మతి పత్రం పదిహేను రోజుల్లో పంపాలి. అమ్మ ఒక్కటే అడిగింది. "పుత్తకాలకిచ్చిందాంట్లో మిగిల్తే ఇంటికి తెచ్చుకోవచ్చా?" కుదరదమ్మా, బిల్లులు పెట్టాలి అన్నాను. "బిల్లులేగదే, మన కొట్లో బిల్లుబుక్కు ఉంది" అంది. నాన్న మాత్రం ఆ కాగితాన్ని హోల్‌సేల్ కంపెనీ రేట్ల పట్టీ చూసినట్టు దూరంగా పట్టుకుని చూసి, "ఇది ఆళ్ళ మొదట రేటు" అని తేల్చేశాడు. "పదిహేను రోజుల్లో అన్నారంటే ఏటి? తొందర ఆళ్ళకి. తొందరున్నోడి కాడే బేరం కుదురుతాది." తాళాల బాబాయి ఊరుకుంటాడా? "ఫిక్సుడు రేటని బోర్డెట్టిన కొట్లో నేను ఏభై తగ్గించినాను. బోర్డుకేటి, నోరుంటాదా?" అన్నాడు. సభలో బుర్ర ఉన్నది మా చెల్లికి ఒక్కదానికే. అది తలపట్టుకుని, "దీదీ, పాగల్ హో క్యా? యే సర్కార్ హై, సబ్జీవాలా నహీ!" అని హిందీలో మొత్తుకుంది. కూరలవాడికీ ప్రభుత్వానికీ తేడా తెలియని పిల్లనా నేను? కూరలవాడి దగ్గర కొసరు కూడా అడుగుతాను, ఇక్కడ అడగలేదు.

నాన్న మీద తోసెయ్యడం న్యాయం కాదు. ఆయన ఏదో మాట వరసకన్నాడు, మెయిల్ రాసింది నేను. అదీ పదో రోజున (వెంటనే జవాబిస్తే మనకి అవసరం ఉందని తెలిసిపోతుంది కదా). మీ ఆదరణకి కృతజ్ఞురాలినని, అయితే ఈ ఊళ్ళో ధరల దృష్ట్యా స్టైపెండు విషయం పునరాలోచించగలరని, లేనిపక్షంలో మరోచోట నుంచి కూడా పిలుపు ఉందని రాశాను. ఆ మరోచోటు అనేది మా ఊళ్ళోనే సాక్చీలో ఒక కోచింగ్ సెంటరు. ఇంటర్ పిల్లలకి ఏడాదంతా అవే మూడు పాఠాలు చెప్పే ఉద్యోగం. ఆ ఉద్యోగం తలుచుకుంటేనే నాకు ఆవులింతలు వచ్చేవి. ఇక ఆ ఫెలోషిప్పు కాగితాన్ని నేను దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నానని, ల్యాబు తలుపు మీద నా పేరు ఎలా ఉంటుందో నోటుబుక్కు వెనక రాసి చూసుకున్నానని ఇంట్లో ఎవరికీ తెలియదు. కావలసిన వస్తువుని కావాలన్నట్టు చూడకూడదనేది శాస్త్రంలో మొదటి సూత్రం. నేను దాన్ని ఎంత బాగా పాటించానంటే, నాకది ప్రాణమని కొంతసేపు నేనే మరిచిపోయాను.

పదకొండో రోజు పిలుపు రాలేదు. అది మొదటి అడుగు అనుకున్నాను. పన్నెండు, రెండో అడుగు. పదమూడో రోజు ఫోన్లో మెయిల్ పెట్టెని అరగంటకోసారి తెరిచి చూశాను. పద్నాలుగో రోజు కొట్లో ఊరికే వంగి చెప్పు పట్టీ సర్దుకుంటుంటే నాన్న చూసి, "పిలుత్తార్లే" అన్నాడు. గొంతులో మునుపటి ధీమా లేదు. పదిహేనో రోజు మధ్యాహ్నం, నేను కొట్లో గ్లాసులు తుడుస్తుండగా జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. నిబంధనలు అందరికీ ఒకటే. ఈ సాయంత్రం ఐదు గంటల లోపు గైడు సంతకంతో, కాలేజీ ముద్రతో సమ్మతి పత్రం అందకపోతే మీరు వద్దనుకున్నట్టు భావించి, ఈ స్థానాన్ని జాబితాలో తర్వాతివారికి ఇస్తాం. తర్వాతివారట! నేను కింద పెట్టిన గిన్నెని పక్కనున్న కస్టమరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోతున్నట్టు కళ్ళకి కట్టింది. ఫోను నాన్న చేతికి ఇచ్చాను. ఆయనకి ఇంగ్లీషు అంత రాదు, కానీ నా మొహం చదవడం వచ్చు. అది కావాలని నాకు ఎంత ఉందో ఆయన చూడటం అదే మొదటిసారి.

ఆ సమయానికి కొట్లో ఒక కేటరింగు మనిషి ఉన్నాడు. పెళ్ళి వంటలకి అరవై లీటర్ల డేగిసా కోసం మూడు రోజులుగా వస్తున్నాడు. మూడుసార్లూ నాలుగడుగులు వేశాడు, నాన్న పిలవలేదు, మూడుసార్లూ తనే వెనక్కి వచ్చాడు. ఆ రోజూ డేగిసా అంచు తడుముతూ తన పాత రేటే మళ్ళీ చెప్పాడు. "లే జావో" అన్నాడు నాన్న, స్కూటరు తాళం చెవి అందుకుంటూ. అతనికి అర్థం కాలేదు. "జో బోలా, ఉతనా హీ దో. జల్దీ!" నువ్వన్నదే ఇచ్చి తీసుకుపో, త్వరగా. పాపం, ఆ మనిషి మొహంలో రంగు మారిపోయింది. డేగిసాని బోర్లించి, ఎండకి ఎత్తి పట్టుకుని, లోపల తల పెట్టి చిల్లు కోసం వెతికాడు. చిల్లు దొరక్క ఇంకా భయపడ్డాడు. మేము షట్టరు దించి స్కూటరు ఎక్కేటప్పటికి కూడా రోడ్డు మీద నిలబడి దాన్ని వేలితో కొట్టి చూసుకుంటూనే ఉన్నాడు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టి ఉండదు.

నా గైడుని పిల్లలంతా యాసిడ్ మేడమ్ అనేవాళ్ళు (కోటు నిండా యాసిడ్ చిల్లులు, మాట కూడా అలాంటిదే). బెంగాలీ ఆవిడ, భాలుబాసాలో ఇల్లు. ఆ రోజు సెలవులో ఉంది. మేము వెళ్ళేసరికి చేప ముక్కలకి ఆవపిండి పట్టిస్తోంది. నేను ఏడుపు గొంతుతో మొత్తం కథ చెప్పాను, నాలుగడుగుల శాస్త్రంతో సహా. గుమ్మం బయట నాన్న హెల్మెట్ చేత్తో పట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు. మేడమ్ చేతులు కడుక్కొచ్చి, సంతకం పెడుతూ హిందీలో అంది: "నువ్వు నాలుగడుగులు వేస్తే వెనక్కి పిలవడానికి అవతల మనిషి ఉండాలి కదమ్మా. అక్కడున్నది కంప్యూటరు." తర్వాత కాగితం నా చేతికిస్తూ, "ఎవరూ పిలవకపోయినా వెనక్కి రావడం నేర్చుకో. రిసెర్చిలో రోజూ అదే పని" అంది. మా కొట్టు సిలబస్‌లో లేని పాఠం భాలుబాసాలో చేపల వాసన మధ్య దొరికింది. ఆ పత్రం మూల మీద ఆవపిండి మరక ఉందని, ఢిల్లీ ఫైళ్ళలో బహుశా ఇప్పటికీ పసుప్పచ్చగా ఉంటుందని నా నమ్మకం.

కాలేజీ ఆఫీసుకి చేరేసరికి నాలుగూ నలభై. అక్కడి బడేబాబు, అంటే హెడ్ గుమాస్తా, కళ్ళజోడు మీదుగా మమ్మల్ని చూసి, ముద్ర వేస్తాను, పంపిస్తాను, కానీ ఈ నెల చేరికల జాబితా పొద్దున్నే వెళ్ళిపోయింది, నీ చేరిక వచ్చే నెల ఒకటో తారీకు నుంచే, స్టైపెండు కూడా అప్పటినుంచే అన్నాడు. నా నాలుక మీదికి మాట వచ్చేసింది. పోనీ ఈ నెల పదహారు నుంచి వెయ్యండి, ఇరవై నుంచైనా వెయ్యండి... వెనకనుంచి నాన్న గట్టిగా దగ్గాడు. నేను మింగేసి, "ఠీక్ హై సర్" అన్నాను. మొదటి రేటుకి నేను ఒప్పుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ముద్ర ధన్‌మని పడింది. అయిదుకి మూడు నిమిషాల ముందు, స్కాన్ చేసిన పత్రం మెయిల్లో వెళ్ళిపోయింది. బయటికి వచ్చి స్కూటరు స్టాండు తీస్తూ నాన్న, "ఇరవయ్యని అడిగితే ఇచ్చీసేవోడేనే, ఆడి మొకం సూసినాను" అన్నాడు. నేను గుడ్లురిమి చూస్తే, "ఊరికే అన్నాన్లే, ఎక్కు" అన్నాడు.

ఫెలోషిప్పు వల్ల లాభాలేమిటని ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లలు అడుగుతుంటారు. ఉత్తరంలో ఉన్నవి చదివి చెప్తాను. ఉత్తరంలో లేనివి కొన్ని ఉన్నాయి. సొరుగున్న బల్ల, ఆ సొరుగుకి నా ఒక్కదాని దగ్గరే ఉండే తాళం చెవి (తాళం పాడైతే తాళాల బాబాయి వచ్చి ఉచితంగా వేశాడు, ఆ మెయిల్ సలహాలో తనకీ పాలుందని ఊళ్ళో చెప్పొద్దన్న షరతు మీద). అయిదేళ్ళపాటు ఆటో డబ్బుల కోసం గల్లా పెట్టె వైపు చూడకపోవడం. ఆరునెలలు తప్పుగా వచ్చిన ప్రయోగాన్ని, ఎవరూ పిలవకుండానే, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టగలగడం. గోల్‌మురి బజారులో ఎవరి కత్తిపీట తుప్పు పట్టినా నా దగ్గరికే తేవడం. నాన్నకి దక్కిన లాభం వేరు. "మా అమ్మాయి తుప్పు డాక్టరు. ఈ గిన్ని అదే సూసి పాసు సేసింది" అని చెప్పి ఎన్ని గిన్నెలు అమ్మాడో! నేను ఒక్కటంటే ఒక్క గిన్నె కూడా చూడలేదు.

మొదటి స్టైపెండు చేతికి వచ్చిన సాయంత్రం కొట్టుకి వెళ్ళాను. డేగిసా కొన్న ధరకంటే తక్కువకే పోయిందని అప్పటికే అమ్మ చెవిన వేసింది. "ఎంత పోయింది నాన్నా?" అన్నాను. "ఏటీ పోనేదు" అన్నాడు. అమ్మ చెప్పిన అంకె చెప్పాను. "అంతెక్కడిది? అందులో పావు" అన్నాడు. మొత్తం తీసుకోవలసిందే అన్నాను. ఇచ్చేవాళ్ళు పెంచుతూ, పుచ్చుకునేవాళ్ళు తగ్గిస్తూ సాగిన బేరం గోల్‌మురి బజారులో అదొక్కటే అయి ఉంటుంది. కాసేపటికి నాన్న నోట్లని మెల్లిగా గల్లా మీద పెట్టి, కొట్టు దిగి నడవడం మొదలుపెట్టాడు. మొదటి అడుగు చురుగ్గా, రెండోది నిదానంగా, మూడోది తాళాల బాబాయి కొట్టు వైపు చూస్తూ. నాలుగో అడుగులో వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాడు. నిజంగా సర్దుకోవడానికి ఆ చెప్పుకి బిగించే పట్టీయే లేదు, హవాయి చెప్పు. "నాన్నా, రా. సగమే తీసుకో" అని పిలిచాను. ఎంత వేగంగా వెనక్కి వచ్చాడని!

ఇక లెక్క. బేరమాడి పెంచుకున్నది సున్నా. పోగొట్టుకున్నది ఒక నెల స్టైపెండు, డేగిసా మీద నష్టం చెరి సగం, చెల్లి ముందు శాశ్వతంగా నా పెద్దరికం. మొత్తం వ్యవహారంలో బాగుపడింది కేటరింగు మనిషి ఒక్కడే. ఆ డేగిసాకి ఈనాటికీ చిల్లు పడలేదు. కొట్టుకి వచ్చినప్పుడల్లా, "చాచా, బేటీ కో ఔర్ కోయీ ఫెలోషిప్ నహీ మిలా?" అని, అమ్మాయికి ఇంకో ఫెలోషిప్పు రాలేదా అని ఆశగా అడిగి పోతుంటాడు. ఇంకొక్క పద్దు మిగిలింది. మా నాన్న ఆ డేగిసా బేరంలో మారు మాట లేకుండా అవతలివాడి రేటుకే తలూపడం నేను కళ్ళారా చూశాను. దాన్ని ఖర్చులో రాయడానికి నాకు చెయ్యి రాదు, రాబడిలో రాస్తే నాన్న ఊరుకోడు.