కోమల చెప్పిన దుబాయి నవల

మోదుగుపల్లిలో బీడీలు చేసే ఆడవాళ్లందరికీ కోమల సొంత అక్క లెక్క. మధ్యాహ్నం వంటపని తీరగానే చాటలు పట్టుకుని ఆమె ఇంటి ముందరి రేకుల షెడ్డు కిందికి చేరేవారు. తునికాకు కత్తిరించడం, జర్దా పోసి చుట్టడం, దారం కట్టడం చేతులు వాటంతట అవే చేసుకుపోయేవి. చెవులు మాత్రం కోమల మాటల మీద ఉండేవి. ఆమె కతలు చెప్పేది. అవి సొంతంగా అల్లినవి కావు, ఊరి గ్రంథాలయం నుంచి తెచ్చుకుని చదివినవి.

ఐదో తరగతి కాగానే ఆమె బాపు మొండయ్య బడి మాన్పించి బీడీల పనిలో పెట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆమె అచ్చు అక్షరం చూసింది రేషన్ కార్డు మీద, గోడల మీద మాత్రమే. పెళ్లయింది. ఒక బిడ్డ పుట్టింది. భర్త లక్ష్మణ్ షార్జాకు పోయాడు. బిడ్డ హాస్టల్‌కు పోయాక ఇంట్లో గోడలు తప్ప పలకరించే దిక్కు లేక, ఒకనాడు బస్టాండు పక్కనున్న గ్రంథాలయం మెట్లెక్కింది. మొదట్లో ఒక్క పేజీ చదవడానికి పొద్దు గూకేది. లైబ్రేరియన్ శ్యాంసుందర్ మెత్తని మనిషి. ఆమె తడబడిన చోట వంగి చూసి చెప్పేవాడు. కొన్నేళ్లకు ఆయనే కొత్త పుస్తకాల కట్ట విప్పుతూ, "కోమలమ్మా, ఇది నీ కోసం తీసిపెట్టిన" అనే దాకా వచ్చింది.

అట్లా తీసిపెట్టిన పుస్తకాల్లో ఒకటి ఆ నవల. షెడ్డు కింది ఆడవాళ్లు దాన్ని దుబాయి నవల అనేవారు. రాసింది ఈ ప్రాంతపు మనిషే, ఒక టీచరమ్మ. అందులో సరోజ అనే బీడీల మనిషి ఉంటుంది. ఆమె భర్త ఎడారిలో పని చేస్తుంటాడు. అత్త చనిపోతే అతనికి సెలవు దొరకదు. సరోజే కుండ పట్టుకుని చితికి నిప్పు పెడుతుంది. తర్వాత ఆమె ఇల్లు కట్టడానికి ఒక మేస్త్రి వస్తాడు. ఇద్దరి మధ్య ఇష్టం పుడుతుంది. కత అక్కడే ఆగదు, చాలా దూరం పోతుంది. కాని సరోజను ఎక్కడా చెడ్డదానిగా నిలబెట్టదు.

ఆ మేస్త్రి సంగతి వచ్చినప్పుడు కోమలకు కోపం వచ్చింది. పుస్తకం మూసి సజ్జ మీద పడేసింది. గల్ఫ్ వాళ్ల పెండ్లాల గురించి ఇట్లా రాస్తారా అనుకుంది. రెండు మూడు రోజులు దాని దిక్కు చూడలేదు. కాని అత్తకు సరోజ నిప్పు పెట్టిన ఘట్టం ఆమెను వదల్లేదు. తన అత్త పోయినప్పుడు లక్ష్మణ్ కూడా రాలేకపోయాడు. దహనం ఫోన్‌లోనే చూశాడు. ఆ ఫోన్ పట్టుకుని నిలబడ్డది కోమలే. మళ్లీ పుస్తకం దించి చివరిదాకా చదివింది.

షెడ్డు కింద ఆ కత సగం దాకా చెప్పింది. గడువు అయిపోయిందని పుస్తకం ఇచ్చివచ్చింది. మిగతా సగం తానే చదువుకుంటానని పక్కింటి నవనీత గ్రంథాలయానికి పోయి, ఉత్త చేతులతో తిరిగి వచ్చింది.

"ఇయ్యనన్నడక్కా. గా పుస్తకం బందువెట్టిన్రట."

జరిగిందేమిటంటే, ఎవరో ఆ నవలలో ఒక పేజీ ఫొటో తీసి గల్ఫ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సరోజ మేస్త్రి చెయ్యి పట్టుకుని ఏడ్చే పేజీ అది. దాన్ని చూసి గల్ఫ్ కార్మికుల సంఘం పెద్ద హనుమండ్లు నలుగురిని వెంటబెట్టుకుని గ్రంథాలయం మీదికి పోయాడు. మస్కట్‌లో ఏళ్లకేళ్లు కూలి చేసి వచ్చి, బస్టాండు దగ్గర సిమెంటు దుకాణం పెట్టుకున్నవాడు అతను. ఊళ్లో మాట చెల్లేవాడు. పుస్తకం తీస్తావా, లొల్లి చెయ్యమంటావా అని అడిగాడు. శ్యాంసుందర్ భయపడి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మర్నాడు కోమల, నవనీత, వాళ్లతో పాటు యాదవ్వ అనే ముసలామె గ్రంథాలయానికి పోయారు. యాదవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా ముందు నడిచింది.

"గల్ఫోళ్ల ఇజ్జత్ పోతదని అంటున్నరమ్మా" అన్నాడు శ్యాంసుందర్ తలెత్తకుండా.

"ఎవల ఇజ్జత్ సార్?" అంది కోమల.

ఆయన రిజిస్టరు పేజీలు తిప్పుతూ, "మీదే" అన్నాడు.

"మా ఇజ్జతయితే మమ్ముల అడగాలె గద. ఎవలన్న అడిగిన్రా?"

ఆయన బీరువా తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కోమల మిగతా ఇద్దరినీ తీసుకుని బయటికి వచ్చింది. పుస్తకం లేకపోతేనేం, కత తనకు తెలుసు. ఆ మధ్యాహ్నమే మిగతా సగం అందుకుంది.

ఆ మాట ఊరంతా పాకింది. ఏనాడూ ఆ షెడ్డు దిక్కు రాని ఆడవాళ్లు కూడా చాటలు పట్టుకుని వచ్చారు. కూర్చునే చోటు లేక కొందరు వాకిట్లో తడకల నీడకు చేరారు. కోమల తొందరపడలేదు. మేస్త్రి ఘట్టం దాచలేదు, దాటవేయలేదు. ఒకామె పని ఆపి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె లేచి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది.

దాని దెబ్బ తగలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. బీడీలు అప్పజెప్పే కార్ఖానాలో గుమాస్తా ఆమె బీడీల కట్టల్లో సగం బాగాలేవని పక్కన పడేయడం మొదలుపెట్టాడు. అతను హనుమండ్లుకు దగ్గరి చుట్టం. ఇంకో రెండు రోజులకు షార్జా నుంచి లక్ష్మణ్ ఫోన్ చేశాడు.

"నీకెందుకే గీ లొల్లి? రూములోళ్లందరు నా మొకమే సూస్తున్నరు. పరేషాన్ అయితుంది."

"నువ్వు గా పుస్తకం సదివినవా?"

"యాడ సదువుత? ఒక్క పేజీ సూసిన."

"అయితే జర ఇను. మొదటికెళ్లి చెప్త."

అతను విసుక్కున్నాడు గాని ఫోన్ పెట్టేయలేదు. కోమల చెప్పింది. ఆ రోజు కొంత, మర్నాడు కొంత. సరోజ చితికి నిప్పు పెట్టిన చోటికి వచ్చేసరికి అవతల ఉలుకు పలుకు లేదు. లైన్ కట్టయిందేమో అనుకుంది.

"ఉన్నవా?"

"ఉన్న" అన్నాడు లక్ష్మణ్. "అవ్వ పోయిన్నాడు నేను బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్సిన. రూములోళ్లకు ఇనపడొద్దని. నీకు గుడ చెప్పలే."

అన్నేళ్ల కాపురంలో అతను ఆమెకు అట్లాంటి మాట చెప్పడం అదే మొదలు. కోమల ఫోన్ చెవికి ఆనించుకుని అట్లాగే కూర్చుంది.

వారం తిరగకముందే హనుమండ్లు స్వయంగా షెడ్డు దగ్గరికి వచ్చాడు. ఆడవాళ్లు చప్పున చేతులు ఆపారు.

"కోమలా, ఇగ బందువెట్టు. మంచిగ చెప్తున్న."

"కూసో అన్నా. ఎట్లయినా వచ్చినవు గద. కొసదాక ఇను. తప్పున్నదంటే అప్పుడు చెప్పు."

అతను కూర్చోలేదు. పోనూ లేదు. గుంజకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కోమల ఆపిన చోటి నుంచి మొదలుపెట్టింది. సరోజ తన మనసులోని మాట దాచకుండా భర్తకు ఫోన్‌లో చెప్పేసే ఘట్టం అది. ఎడారిలో ఆ మనిషి లారీ నీడన కూలబడి, ఎవరిని తిట్టాలో తెలియక ఇసుక పిడికిట్లోకి తీసుకుని జారవిడుస్తాడు. రాసినామె అతన్ని కూడా చెడ్డవాణ్ని చేయలేదు. హనుమండ్లు భార్య అతను మస్కట్‌లో ఉండగానే ఇంకొకరితో వెళ్లిపోయిన సంగతి అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ఎవరూ అతని మొహంలోకి చూడలేదు. కోమల కూడా చూడలేదు. చెప్పడం మాత్రం ఆపలేదు. కాసేపటికి తల పైకెత్తేసరికి గుంజ దగ్గర ఎవరూ లేరు.

తర్వాత కోమల, నవనీత, యాదవ్వ ముగ్గురూ కరీంనగర్ బస్సెక్కి గ్రంథాలయాల పెద్ద ఆఫీసుకు పోయారు. అక్కడి అధికారి వాళ్లను కూర్చోబెట్టి, ఎక్కడెక్కడికో ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆ పుస్తకాన్ని తీసేయమని ఎవరూ ఎక్కడా ఉత్తర్వు ఇవ్వలేదని తేలింది. "నాలుగు గోడల మధ్య జరిగిన పనమ్మా ఇది. మీరు అడగకపోతే అట్లనే ఉండిపోయేది" అన్నాడాయన.

ఎండాకాలం తిరిగేసరికి పుస్తకం మళ్లీ అరలోకి వచ్చింది. సరోజ మేస్త్రి చెయ్యి పట్టుకునే పేజీ మాత్రం ఎవరో చింపేశారు. శ్యాంసుందర్ అది చూపించి, "నా తప్పే కోమలమ్మా" అన్నాడు. ఆమె ఆయనను ఓదార్చలేదు, దెప్పనూ లేదు. పుస్తకం నవనీత చేతికిచ్చింది. కార్ఖానాలో ఆమె కట్టలు మాత్రం ఇప్పటికీ తిరిగి వస్తూనే ఉన్నాయి. హనుమండ్లు ఎదురుపడితే మాట్లాడడు. తల కొంచెం వంచుకుని పక్క నుంచి పోతాడు. ఆ పేజీ చింపింది అతనేనని కొందరంటారు. కోమల మాత్రం ఆ మాటకు ఊ కొట్టదు.

దసరా దాటాక లక్ష్మణ్ సెలవు మీద వచ్చాడు. వచ్చిన మర్నాడే, "గా పుస్తకం తెచ్చిపెట్టు" అన్నాడు. అరుగు మీద కూర్చుని, వరుస కింద వేలు జరుపుకుంటూ, పెదవులు కదుపుతూ చాలా రోజులు చదివాడు. చినిగిన పేజీ దగ్గర ఆగి కోమలను పిలిచాడు. ఆమె పక్కన కూర్చుని అక్కడ ఏముండెనో చెప్పింది. అతను తల ఊపి ముందుకు పోయాడు. చివరి పేజీ అయ్యాక లేచి అంగీ తొడుక్కున్నాడు.

"నేనే ఇచ్చొస్త" అన్నాడు.

పుస్తకాన్ని సంచిలో పెట్టుకోలేదు. అట్ట పైకి కనబడేటట్టు చేత్తో పట్టుకుని, బజారు మీదుగా, హనుమండ్లు సిమెంటు దుకాణం ముందు నుంచే గ్రంథాలయం దిక్కు నడిచాడు.