తువ్వాలు వేసిన సీటు

డెబ్భైల చివర్లో, తొలకరి పడిన రోజుల్లో, కాట్రేనికోన నుంచి కొత్తపేట వెళ్ళివచ్చాను. ఊరు చూడ్డానికేమీ కాదు, మా అక్క సుగుణమ్మనీ ఆవిడ కూతురు గ్రేసునీ వెంటబెట్టుకుని, గ్రేసు సీటు కోసం. కొత్తపేటలో ఒక ప్రైవేటు టీచర్ ట్రైనింగ్ స్కూలుండేది. అందులో మిగిలిన ఒక్క సీటూ ఇంకెవరికో ఇచ్చారు గానీ ఆ అమ్మాయి వచ్చి చేరలేదు. ఆ రోజే ఆఖరిరోజు. సాయంత్రం ఐదు కొట్టేలోపు ఆ పిల్ల రాకపోతే సీటు తర్వాతి వరసలో ఉన్న గ్రేసుది. బావ పోయాక అక్క పరాయి చేలల్లో వరినాట్లు ఊడ్చి కూతుర్ని ఇంతదాకా చదివించింది. ఇదీ తప్పితే కూతురు కూడా ఆ చేలల్లోకే దిగాలి.

ఆరున్నర బస్సు మర్యాద తప్పకుండా ఏడుంపావుకి వచ్చింది. ముమ్మిడివరం దాటాక నా వెనకాయన, "మావాడికి ఈసారి సీటు ఖాయమండీ" అన్నాడు. నేను ఆశగా వెనక్కి తిరిగి, ఏ కాలేజీలోనండీ అని అడిగాను. "కాలేజీ ఏవిటండీ, ఎలక్షన్లో" అన్నాడు నన్ను జాలిగా చూసి. ముందు కూర్చున్న దర్జీ ఒకాయన ఎవరి పంట్లాం గురించో, "సీటు వదులుగా పెట్టమన్నారండి, కూర్చునే ఉద్యోగమంట" అని చెబుతున్నాడు. దొరలు మనకి వదిలివెళ్ళిన మాటల్లో ఇంత చాకిరీ చేసే మాట ఇంకోటి లేదు. పంట్లానికి ఉండేది సీటే, ఆఫీసుకి ఎప్పుడెళ్ళినా గుమాస్తాగారు లేనిదీ సీట్లోనే.

అమలాపురంలో బస్సు మారాలి. కొత్తపేట బస్సు ఇంకా ఆగకముందే అక్క దాని వెంట పరిగెత్తి, కిటికీలోంచి తన తువ్వాలు విసిరింది. గళ్ళ తువ్వాలు సరిగ్గా సీటు మీద పడింది. కోనసీమ వచ్చే కొత్తవాళ్ళు ఇది తెలుసుకోవాలి. ఇక్కడ అరుగు మీద పెట్టిన చెంబు పోవచ్చుగానీ సీటు మీద వేసిన తువ్వాలు మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఆ ధైర్యంతోనే హోటల్లో పెసరట్లు తినడానికి వెళ్ళాం. పెసరట్టు బాగుంది. అల్లం పచ్చడి మరీ బాగుంది. అందుకే నేను రెండో అట్టు చెప్పాను. అది తింటూండగా బస్సు కదిలింది.

పరిగెత్తి ఎక్కాం. అప్పటికే మా సీట్లో తెల్ల లాల్చీ, బంగారు ఫ్రేము కళ్ళజోడు ఉన్న పెద్దమనిషి కూర్చున్నారు. అక్క తువ్వాలు చక్కగా మడతపెట్టి ఆవిడ చేతికిచ్చారు.

"బండి కదిలేదాకానేనమ్మా తువ్వాలికి హక్కు. కదిలేక ఎవరు నిలబడుంటే వాళ్ళదే సీటు. రూలు రూలే."

"ఆయ్, అంతేనండి" అంది బస్సంతా ఒక్క గొంతుతో.

అక్క తువ్వాలు సంచిలో పెట్టుకుంది. అంబాజీపేటలో కొబ్బరికాయల బస్తాలు ఎక్కి మా కాళ్ళ మీద స్థిరపడ్డాయి. కొత్తపేట దాకా నిలబడే వెళ్ళాం. పెసరట్టు పాపానికి ఇద్దరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

స్కూలు ఆఫీసులో గుమాస్తాగారు సీట్లో లేరు. వరండాలో కూర్చోమన్నారు. పొద్దున్న మా బస్సులో వచ్చినవాళ్ళు కొందరు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం మెస్సులో భోజనం చేశాం. వంకాయ కూరకి వంక పెట్టలేం, మజ్జిగలోనే కొంచెం కాలవ కలిసింది. నాలుగున్నరకి ప్రిన్సిపాల్‌గారు పిలిచారు. లోపలికి వెళ్తే పెద్ద కుర్చీలో, బంగారు ఫ్రేము కళ్ళజోడుతో, పొద్దున్నటి పెద్దమనిషి!

"ఆ అమ్మాయి మా కమిటీ ప్రెసిడెంటుగారి తాలూకండి. కబురంపేరు, బయల్దేరతారట. ఆ సీటు అలా ఉంచమన్నారు."

"ఎప్పటిదాకానండీ?" అంది అక్క.

"వచ్చేదాకా" అన్నారాయన.

అక్క అక్కడి నుంచి కదల్లేదు. గ్రేసు తల వంచుకుని పమిట కొంగు మెలి తిప్పుతోంది. బయట ఐదు కొట్టారు. ఆ గంట మోత ఆగాక అక్క సంచిలోంచి తువ్వాలు తీసి, పొద్దున్న ఆయన పెట్టిన మడత చెదరకుండా బల్ల మీద పెట్టింది.

"బండి కదిలిందండి. తువ్వాలికి హక్కు పోయింది. నిలబడున్నది మా పిల్లండి."

అప్పుడు వరండాలోంచి ఎవరో, "ఆయ్, పొద్దున్న బస్సులో ప్రిన్సిపాల్‌గారే చెప్పేరండి, మేమూ విన్నాం" అన్నారు. ఇంకో ఇద్దరు కూడా ఆయ్ అన్నారు. ప్రిన్సిపాల్‌గారు తువ్వాలు వంక చూశారు, వరండా వంక చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నీ పేరేవిటమ్మా?" అని గ్రేసుని అడిగారు. అక్క అక్కడే, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని ఏడ్చేసింది. నాకూ కళ్ళు తడిశాయి. అల్లం పచ్చడి మీద నెట్టేద్దామన్నా వీల్లేకపోయింది.

తిరుగు బస్సు ఆరింటికి. ఎక్కేసరికి అన్నీ నిండిపోయి, ఒక్క సీటు మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద ఎవరిదో పాత ఎర్ర తువ్వాలు. బస్సు కదిలింది. ఊరు దాటింది. ఎవరూ రాలేదు.

"కూర్చోండమ్మా, ఇంకెవరొస్తారు?" అన్నాడు కండక్టరు. అక్క చెయ్యి చాచింది. గ్రేసు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా. ఆ స్కూలు సీటు అమ్మాయి ఏ రేవు దగ్గర పడవ దొరక్క ఆగిపోయిందో ఏవిటో. ఇవాళ్టికి ఒకళ్ళ తువ్వాలు తీసేం కదా, చాలు."

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. కాళ్ళు లాగేస్తున్నా నేను నోరెత్తలేదు. పొద్దున్న రెండో అట్టు చెప్పినవాడికి న్యాయం మాట్లాడే అర్హత ఎక్కడిది! కొత్తపేట వెళ్ళదలచినవారికి నేను చెప్పేదొక్కటే. ఊరు మంచిది, భోజనం మంచిది, మనుషులు తామన్న మాట నలుగురిలో గుర్తుచేస్తే నిలబెట్టుకునేవాళ్ళు. మేం ముగ్గురం కమ్మీ పట్టుకుని వేలాడుతుంటే, ఆ ఎర్ర తువ్వాలు మాత్రం అమలాపురం దాకా హాయిగా కూర్చునే వచ్చింది.