యంకప్ప చూసిన బ్రేకు

సింధనూరు బస్టాండు వెనక ఉన్న మెకానిక్ యంకప్ప షెడ్డుకి వెళ్ళిన రోజున నాకు నా కుడికాలంటేనే భయంగా ఉంది. అంతకు వారం ముందు మా క్యాంపు దగ్గర కాలవ గట్టు మీద, వడ్లు ఆరబోసిన చోట, కారు మెల్లగా ఆపబోయాను. బ్రేకు తొక్కాను. పెడలు పాదం కింద గరగరలాడి వెనక్కి తన్నింది. కారు ఆగలేదు. వడ్లు కాళ్ళతో తిరగేస్తున్న చెన్నవ్వ వైపు జరుగుతూ పోయి, ఆమె చీర కుచ్చిళ్ళకు బంపరు తగిలాక నిలబడింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయాం.

మేము గోదావరి వైపు నుంచి కర్ణాటకకు వచ్చి తుంగభద్ర కాలవ కింద వరి పండించుకుంటున్నవాళ్ళం. మా లాంటి వాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. కారు పద్నాలుగేళ్ళ పాతది. కొన్నప్పటి నుంచీ నేనే నడుపుతున్నాను, ఎందుకంటే మా ఆయన బాబ్జీకి స్టీరింగు ముందు కూర్చుంటే నిద్ర వస్తుంది. అయినా తీర్పు చెప్పింది మాత్రం ఆయనే.

"బ్రేకనుకుని క్లచ్చి తొక్కేసి ఉంటావు శ్యామలా. వయసు మీద పడతంది, ఇంక మానేయ్," అన్నారు.

రాయచూరులో ఒక పెద్ద షెడ్డువాళ్ళు కారుకి కంప్యూటరు తగిలించి చూసి ఏ లోపమూ లేదన్నారు. ఊరికే పంపడం ఎందుకని బ్రేకు ప్యాడ్లు మార్చారు. మర్నాడే మళ్ళీ జారింది. యంత్రం కూడా మా ఆయన పక్షమే చేరాక నాకు నా మీద నమ్మకం పోయింది. మంచం మీద కూర్చుని ఉత్త నేల మీద బ్రేకు, క్లచ్చి, బ్రేకు అనుకుంటూ కాళ్ళతో తొక్కి చూసుకునేదాన్ని. నవ్వితే నవ్వండి, నాకైతే నవ్వు రాలేదు.

యంకప్పది ఇడపనూరులో కూలి చేసుకుని బతికిన ఇల్లు. చిన్నప్పుడే లారీల కింద దూరి పని నేర్చుకున్నాడు. ఇప్పుడు యాభై దాటాయి. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే ఊపిరిలో కలిపేస్తాడు గానీ చదువు బస్సు బోర్డుల వరకే. మనిషి మహా పిరికి. ఈత రాదని కాలవ గట్టు మీద ఎప్పుడూ పొలంవైపు అంచునే నడుస్తాడు. జాకీ మీద ఎత్తిన బండి కింద దూరేముందు మూడుసార్లు తోసి చూస్తాడు. ఆ పిరికితనం వల్లే అతను బాగుచేసిన బ్రేకుని నమ్మొచ్చని ఊళ్ళో అంటారు. బండి తెస్తే బానెట్టు తెరవడు. ఏ రోడ్ల మీద తిరిగిందో ముందు చెప్పమంటాడు.

నా కాలి సంగతితో సహా అంతా చెప్పాను. కాలు సంగతి తర్వాత చూద్దాం, ఎక్కడ జారిందో అక్కడికే పోదామన్నాడు. నా వెంట వచ్చిన మా ఆయన్ని షెడ్డులోనే కూర్చోబెట్టి ఇద్దరం గట్టు మీదికి వచ్చాం. స్టీరింగు ముందు అతను, పక్కన నేను. అతను అద్దాలు రెండూ దించాడు. ఎందుకని అడిగితే, నీళ్ళలో పడితే బయటికి రావడానికన్నాడు. అడక్కుండా ఉండాల్సింది.

రెండుసార్లు కారు బుద్ధిగా ఆగింది. లోపం కారుది కాదన్నమాట, నా కాలిదే. మూడోసారి వంతెన మలుపు దగ్గర, నడిచే మనిషి వేగంలో ఉండగా, అతని పాదం కింద గరగరమంది. కారు ఆగకుండా కాలవ వైపే పోతోంది. నిండు కాలవ. యంకప్ప చేతి బ్రేకు లాగాడు. ముందు చక్రం గట్టు రాయి మీద ఆగింది. నీళ్ళు బానెట్టుకి అవతలే కనిపిస్తున్నాయి. అతని మెడ మీంచి చెమట కారుతోంది.

"ఏంది అమ్మా, గిప్పుడు నా కాలు గూడ జారిందంటరా?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అది సంతోషం కాదు. వారం రోజులుగా ఆ కారులో నేను ఎంతమంది మధ్యలోంచి పోయానో ఒక్కసారి గుర్తొచ్చింది.

అతను వెనక్కి తీసి, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఫ్యూజు పీకాడు. స్టీరింగు వెనక పసుపు దీపం వెలిగింది. అయిదుసార్లు తొక్కితే అయిదుసార్లూ ఆగింది. ఫ్యూజు పెట్టగానే మళ్ళీ జారింది. బ్రేకుది తప్పు కాదు, బ్రేకుని వదిలించేదానిది తప్పు అన్నాడు.

షెడ్డుకొచ్చి కారు ఎత్తాడు. ప్రతి చక్రం లోపలా పళ్ళున్న ఇనుప వలయం ఒకటి తిరుగుతుందట. ఆ పళ్ళు లెక్కపెట్టుకుంటూ ఏబీఎస్ పెట్టె చక్రం తిరుగుతోందో లేదో తెలుసుకుంటుంది. లెక్క తప్పితే చక్రం బిగుసుకుని జారుతోందనుకుని, కాలు ఎంత తొక్కినా బ్రేకు వదిలిస్తుంది. అతను ఒక్కో వలయాన్నీ గోటితో తడుముతూ పోయాడు. కుడి ముందు చక్రం దగ్గర గోరు పట్టుకుంది. వెంట్రుకంత చీలిక. దాని పక్కనే ఇనుము తగిలిన సొట్ట.

ఇక్కడ గడ్డేమైనా చుట్టుకుందా, తీసిందెవరు, దేనితో అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది. బ్రేకు మొదటిసారి జారడానికి కొన్నాళ్ళ ముందు మల్లట్ ఊరి వైపు పోయినప్పుడు రైతులు రోడ్డు మీద ఉలవ కట్టె పరిచారు. బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. ఒకామె ఇంకో నాలుగు చుట్లు తిప్పమ్మా అంటే ముచ్చటపడి తిప్పాను. ఇంటికొచ్చేసరికి ఉలవ తీగ ఇరుసుకి తాడులా బిగుసుకుంది.

మా ఆయన నేల చూస్తున్నారు. "నేనే తీశాను. గునపంతో," అన్నారు.

ఇంకెప్పుడైనా అయితే ఏడాదికి సరిపడా అనేదాన్ని. ఆ రోజు చెన్నవ్వ ముఖం తప్ప నాకేమీ కనపడలేదు.

ఫ్యూజు తీసేసి వదిలేద్దామని మా ఆయన అంటే యంకప్ప ఒప్పుకోలేదు. వానకి గట్టు బురదైతే అదే కాపాడుతుందన్నాడు. అదే రకం పాత కారు నుంచి వలయం తెప్పించి బిగించాడు. తనే ముప్ఫైసార్లు తొక్కి చూసి, నాలుగో రోజు నన్ను గట్టు మీదికి తీసుకొచ్చి స్టీరింగు ముందు కూర్చోమన్నాడు. మా కారు చూడగానే చెన్నవ్వ వడ్లు వదిలేసి పొలంలోకి దిగిపోయింది. ఆమెను తప్పు పట్టలేను, నేనైనా దిగిపోయేదాన్నే.

యంకప్ప పక్క సీటులో తలుపు పిడి పట్టుకుని కూర్చున్నాడు. భయంగా ఉందా అని అడిగాను.

"ఉంది. బండి పక్కా అయింది, దాని ఫికర్ లేదు. భయపడ్డోళ్ళు బ్రేకు సగమే తొక్కుతరమ్మా. గదే నా భయం."

మలుపు వచ్చింది. నీళ్ళు కనిపించాయి. కాలు వెనక్కి లాక్కుంటోంది. కళ్ళు మూసుకోలేదు. పెడలు ఇంక దిగనంతదాకా తొక్కాను. గరగర లేదు. కారు ఉన్నచోటే ఆగిపోయింది.

యంకప్ప చేతి బ్రేకు లాగి, ఇంజను ఆపాడు. ఇంక కాలు తీయొచ్చన్నాడు. విన్నాను. కాలు రాలేదు.

"ఇంకాసేపు ఉండనీ యంకప్పా," అన్నాను.

అతను తొందరపెట్టలేదు.