ఎక్కడికని అడగని ఇల్లు

పోర్ట్‌బ్లెయిర్‌కు హార్బర్ అవతలి ఒడ్డున, బాంబూఫ్లాట్ జెట్టీ దాటి కుడివైపు వాలు దిగితే అసిరమ్మ ఇల్లు. ఆ ఇంటి గడప దాటే మనిషిని ఎవరూ ఏమీ అడగరు. కూతురు ధరణి చెప్పులు తొడుక్కుంటే తల్లి చూస్తుంది. తల్లి ఎండుచేపల తట్ట నెత్తికెత్తుకుంటే కూతురు చూస్తుంది. అంతే.

సముద్రం మీద బతికే వాళ్లెవరూ బయలుదేరిన మనిషిని ‘ఎక్కడికి’ అనరు. నోరు జారి ఎవరైనా అన్నారంటే, వెళ్లేవాడు వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ లేస్తాడు. దోషం పోయిందనుకుంటారు. సాయంత్రానికి మరిచిపోతారు. ఈ ఇంట్లో మాత్రం మరిచిపోలేదు.

అప్పుడు ధరణికి ఆరేళ్లు. వాన వెలిసిన పొద్దున. తండ్రి నూకన్న వల భుజాన వేసుకుని గడప దాటుతున్నాడు. కొత్తగా మాటలన్నీ నోట్లో మెరుస్తున్న వయసు. “ఎక్కడికి నాన్నా?” అంది. నూకన్న ఆగాడు. వెనక్కొచ్చి పీట మీద కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. కూతురి చెంప గిల్లి వెళ్లాడు. ఆ రోజు అతని చిన్న పడవ, ఆ డింగీ, తిరిగి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వెతకడానికి వెళ్లిన పడవలకు ఒక చెక్కముక్క కూడా దొరకలేదు.

పిల్లను ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఏడ్చేది, ఏడిస్తే పోయేది. అనలేదు కాబట్టి ఆ ప్రశ్న ఆమె లోపలే ఉండిపోయింది, నీళ్లు తోడని బావిలా.

బడిలో ధరణి సందేహం అడగలేదు. ఫెర్రీలో కాస్త జరగమని ఎవరినీ అడగలేదు. నెమ్మదైన పిల్ల అన్నారందరూ. డిగ్రీ అయ్యాక రెండేళ్లు అమ్మతో ఎండుచేపల కొట్లో కూర్చుంది. ఒకసారి ఏదో సర్టిఫికెట్ పని మీద పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి, వాన పడుతుంటే ఒక రీడింగ్ రూమ్‌లో తలదాచుకుంది. ఊరికి ఇప్పుడు కొత్త పేరొచ్చింది కానీ ఫెర్రీ ఎక్కేవాళ్ల నోట్లో ఇంకా పోర్ట్‌బ్లెయిరే. ఆ గదిలో పొడుగాటి బల్లలు, తలలు వంచుకున్న మనుషులు. గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని మూడు భాషల్లో ఉంది. లోకంలో తనకోసం కట్టిన గది ఒకటుందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ ఏడే లైబ్రరీ సైన్స్ పీజీలో చేరింది.

తరగతులు శని, ఆదివారాలు, ఒక అద్దె మేడ మీద. వానాకాలంలో మొదలైన మొదటి టర్మ్‌కు గది నిండా మనుషులు. దసరా నాటికి సగం కుర్చీలు ఖాళీ. పుస్తకాలన్నీ ఇంగ్లీషు. కరెంటు పోతే పైన రేకుల మీద వాన తప్ప ఇంకేమీ వినపడదు. ధరణి ఒక్కో పేజీని మూడుసార్లు చదివేది. మొదటిసారి మాటల కోసం, రెండోసారి అర్థం కోసం. మూడోసారి ఫెర్రీలో నిలబడి, కళ్లు మూసుకుని.

వర్గీకరణ మాత్రం ఆమెకు పాటలా వచ్చింది. లోకంలో ఉన్నదానికల్లా ఒక నంబరు, ఆ నంబరుకో చోటు. చేపలకో చోటు, ఉప్పుకో చోటు, తుఫానులకో చోటు. ఏ పుస్తకమూ దిక్కులేకుండా మిగలదు. తిరిగి రాని మనిషిని ఏ అరలో పెట్టాలని ఒక సాయంత్రం పట్టికలన్నీ తిరగేసింది. దొరకలేదు.

పక్క కుర్చీ జితేంద్రది. ఫీనిక్స్ బేలో వాళ్ల నాన్నకు రంగుల కొట్టుంది. “నాకు పుస్తకాలంటే ప్రాణమేం కాదు దీదీ. ఆ పెయింట్ డబ్బాలంటే చావు. అందుకే ఇటొచ్చా” అనేవాడు. నంబర్లు తప్పు వేసి, ధరణి కాగితం వైపు మెడ చాచేవాడు. “వంటల పుస్తకాన్ని వైద్యంలో పెట్టా. మా అమ్మ వంట తిన్నవాడు ఎవడూ తప్పనడు.” ఆ టర్మ్‌లో ధరణి నవ్విందంటే అతని మాటలకే.

నవంబరులో ప్రాక్టికల్ మొదలైంది. ఆ రీడింగ్ రూమ్‌లోనే, గుమ్మం పక్కన ‘పూఛ్‌తాఛ్’, అంటే విచారణ, అని హిందీలో బోర్డున్న బల్ల దగ్గర నాలుగు శనివారాలు ఒక్కొక్కరూ గంట చొప్పున కూర్చోవాలి. వచ్చినవాళ్లకు కావలసింది కనుక్కుని ఇవ్వాలి. ఇందులో తప్పితే టర్మ్ మొత్తం తప్పినట్టే, రెండో టర్మ్‌లోకి రానివ్వరు.

పాఠం చెప్పే లోకనాథం సార్ ముప్పై ఏళ్లు లైబ్రేరియన్‌గా చేసి రిటైరైన మనిషి. “మనిషి అడిగేది ఒకటి, వాడికి కావలసింది ఇంకొకటి. మధ్యలో కాలవంత నీళ్లుంటాయి. మీ ప్రశ్నే పడవ. ఎందుకు కావాలి, ఏం వెతుకుతున్నారు అని అడగాలి. అడిగితేనే దాటతారు” అన్నారు.

అందరూ రాసుకున్నారు. ధరణి పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఆ నిశ్శబ్దపు గదిలో తనకిచ్చినది ప్రశ్నలు అడిగే కుర్చీయేనని అప్పుడర్థమైంది.

మొదటి శనివారమే యర్రయ్య తాత వచ్చాడు. ఒకప్పుడు షిప్పుల్లో ఖలాసీ. ఎండకు నల్లబడి ముడతలు పడ్డ మెడ, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా. “మ్యాపుల బుక్కు ఉందేటమ్మా?” అన్నాడు. ధరణి లేచి అట్లాస్ తెచ్చిచ్చింది. అతను అరగంట పేజీలు తిప్పి, మూసి, దండం పెట్టి వెళ్లాడు. మరో శనివారం మళ్లీ అదే మాట. ఈసారి ఇంకా పెద్ద అట్లాస్ ఇచ్చింది. అదీ అలాగే మూశాడు. ఆ పై వారం గదిలో ఉన్న అన్నిట్లోకీ పెద్దది మోసుకొచ్చింది. అతను పోయాక ఆ బరువైన పుస్తకం బల్ల మీద కదలకుండా ఉండిపోయింది.

లోకనాథం సార్ అంతా చూస్తూనే ఉన్నారు.

“ఆ పెద్దాయనకు ఏం కావాలి ధరణీ?”

“మ్యాపుల బుక్కు సార్.”

“అది ఆయన అన్నది. కావలసిందేంటి? అడిగావా?”

“లేదు సార్.”

“అడక్కుండా ఇచ్చెయ్యడానికి ఇదేమన్నా రేషన్ షాపా బేటీ? అక్కడా కార్డు అడుగుతారు.”

“సార్, దీదీ ఫెర్రీలో సీటే అడగదు. నిలబడే వస్తుంది” అన్నాడు జితేంద్ర. ఎవరో నవ్వారు. సార్ నవ్వలేదు.

“వచ్చే వారం నీకు ఆఖరు. నేను వెనక బల్ల మీద కూర్చుంటా. నీ నోట్లోంచి ఒక్క ప్రశ్న వినపడకపోతే సున్నా వేస్తా. కోపంతో కాదమ్మా. ఆ పెద్దాయన మూడుసార్లు ఖాళీ చేతుల్తో వెళ్లాడు.”

ఆ సాయంత్రం ఇంటికెళ్లే ఫెర్రీ చాతమ్ జెట్టీ వదిలింది. నీటి మీద మబ్బు నీడ పరుచుకుని ఉంది. ధరణి రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. ఒక ప్రశ్న. గుండెలో దాన్ని ఎత్తి చూసింది. ఎంత చిన్న మాటయినా చివర్లో దాని స్వరం పైకి లేస్తుంది. అలా లేచిన చోటనే ఒక డింగీ మునిగింది.

ఇంటికొచ్చేసరికి వాన కమ్ముకొస్తోంది. అసిరమ్మ పందిరి మీది చేపలు గబగబా గంపలోకి ఎత్తుతోంది. ధరణి సంచీ పక్కన పెట్టి చెయ్యేసింది.

“ఇంక నేను క్లాసుకి ఎల్లనమ్మా.”

అసిరమ్మ తల ఊపింది. ఇంకో గుప్పెడు చేపలు ఎత్తింది. ఆ ఇంట్లో అంతకు మించి మాట సాగదు. తల ఊపిన ఆ తీరు చూస్తే ధరణికి ఎక్కడో తెగింది.

“ఎందుకని అడగవా?”

అన్నాక గానీ తెలియలేదు, తాను అడిగిందని. అసిరమ్మ చేతులాగిపోయాయి.

“ఈ ఇంట్లో అడగడం ఎప్పుడో మానీనాం కదే.”

“నా వల్లేగా.”

“నీ వల్లేటి?”

“ఆ రోజు నేనే కదా అడిగింది. ఎక్కడికని.”

మొదటి చినుకులు గంప మీద పడ్డాయి. అసిరమ్మ కదల్లేదు. తడుస్తున్న చేపల్ని చూడలేదు. కూతురి ముఖాన్నే చూసింది, చాలా కాలం తర్వాత లైటు వేసిన గదిని చూసినట్టు.

“ఓలమ్మా! ఇన్నాళ్లూ అది మోత్తన్నావా నువ్వు?”

“మరి నువ్వెందుకు నన్ను ఏమీ అడగవు?”

“నీకోసమేనే. ఆ మాట ఇంట్లో ఇనబడితే నీకా రోజు గేపకం వొస్తాదని. పిల్ల బెంగెట్టుకుంటాదని నా నోరు నాను కుట్టీసుకున్నాను.”

ఇద్దరూ చూరు కింద చేరారు. గంప మధ్యలో ఉంది. అసిరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, వానను చూస్తూ చెప్పింది.

“నీకు తెల్దు. ముందురోజు మీ నాన్నా నానూ తగువులాడీసుకున్నాం. ఏ తగువో కూడా మర్సిపోనాను. పొద్దున్న నా మొకం సూడకుండా వొల ఏసుకుని ఎల్లిపోతన్నాడు. నానూ పోతే పోనీ అని గోడకేసి తిరిగి కూకున్నాను. అప్పుడు నువ్వడిగినావు. నువ్వడగబట్టే ఎనక్కొచ్చినాడే! కూకున్నాడు. ‘అసిరీ, నీళ్లియ్యి’ అన్నాడు. ఇచ్చినాను. తాగి గలాసు నా సేతికిచ్చి, ఒక్క నవ్వు నవ్వినాడు. ‘సాయంత్రం మాటాడుకుందారిలే’ అన్నాడు.”

వాన పెద్దదైంది.

“నువ్వడక్కపోతే నాకా నవ్వు లేదు. ఇన్నేళ్లూ నాను దాన్ని పట్టుకునే బతికినాను, నువ్విచ్చిందే. నీకు సెప్పాలని తోచనేదు సూడు. నానెంత పిచ్చిదాన్ని!”

పందిరి మీద మిగిలిన చేపలు తడిసిపోయాయి. ఎవరూ లేవలేదు.

ఆఖరి శనివారం ధరణి సంచీలో పుస్తకాలతో పాటు ఒక స్టీలు గ్లాసు, నీళ్ల సీసా ఉన్నాయి. వాటిని తీసి పూఛ్‌తాఛ్ బల్ల మీద పెట్టింది. వెనక నుంచి లోకనాథం సార్ దగ్గారు.

“నీళ్లా! పుస్తకాల పక్కనా?”

“తాగాక తీసేస్తాను సార్.”

సార్ కళ్లజోడు సవరించుకున్నారు. ఆమె ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

యర్రయ్య తాత వచ్చాడు. అదే చొక్కా, అదే దండం. “మ్యాపుల బుక్కు...”

ధరణి లేచి కుర్చీ లాగింది. “కూర్చోండి తాతా. ముందు మంచినీళ్లు తాగండి.”

అతను గ్లాసును, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. “ఏటమ్మా, నీళ్లిస్తన్నావు? నానెక్కడికీ ఎల్లట్లేదే!”

ఆ మాటకు ఇద్దరికీ తెలిసిపోయింది, ఒకే రకం ఇళ్లలో పెరిగామని. అతను నవ్వి గ్లాసందుకున్నాడు. అతని గొంతులో నీళ్లు దిగే చప్పుడు ఆ గదిలో స్పష్టంగా వినిపించింది. చివరి గుక్క దాకా ధరణి ఆగింది.

“ఆ బుక్కులో మీరు ఏం వెతుకుతున్నారు తాతా?”

స్వరం చివర్లో పైకి లేచింది. బయట హార్బర్‌లో ఏదో పడవ హారన్ మోగింది, ఆగింది. ఏమీ మునగలేదు.

యర్రయ్య గ్లాసు కింద పెట్టాడు. “నా మనవడమ్మా, సాయి. కార్గో షిప్పు మీదున్నాడు. ఎల్లేటప్పుడు ఎక్కడికని అడక్కూడదు కదా. అడగనేదు. నెల్లాళ్ల కిందట ఫోన్ సేసి ‘మొంబాసా వచ్చాం తాతా’ అన్నాడు, లైన్ పోయింది. అదెక్కడో, ఎంత దూరమో తెల్దు. ఆణ్ణి అడగలేక పుస్తకాన్ని అడుగుదారని వొస్తన్నాను.”

“మరి దొరకలేదా?”

“అచ్చరం ముక్క రాదమ్మా నాకు. ఏ పేజీలో నీలం రంగు ఎక్కువుంటే ఆ పేజీ సూసుకుని ఎల్లిపోతన్నాను.”

ధరణి హిందూ మహాసముద్రం పేజీ తెరిచింది. అంత నీలంలో చుక్కలు చుక్కలుగా ఉన్నదాని మీద వేలు పెట్టింది. “ఇది మనం.”

“ఈ ఆవగింజలా?”

“ఇవే. ఇదిగో, మొంబాసా ఇక్కడ.”

యర్రయ్య బొటనవేలు ఆవగింజల మీద ఆనించాడు. చేతిని నీలం మీదుగా మెల్లగా చాచాడు. చిటికెన వేలు ఆఫ్రికా ఒడ్డుకు తగిలింది.

“జానెడు” అన్నాడు. “ఒక్క జానెడే!”

చెయ్యి తియ్యలేదు. ఆ చేతి కింద ఎన్ని పగళ్ల సముద్రముందో షిప్పుల్లో బతికినవాడికి తెలియకపోదు. అయినా అలాగే ఉంచాడు, నిద్రపోతున్న పిల్లాడి వీపు మీద పెట్టినట్టు.

“ఈసారి ఫోన్ చేస్తే అడుగుతారా తాతా, అక్కణ్ణుంచి ఎటని?”

“ఎల్లేవోణ్ణి కదా అడక్కూడనిది. ఒడ్డున నిలబడ్డోణ్ణి అడిగితే తప్పేటి?” అన్నాడు, ఆమెనే అడుగుతున్నట్టు.

ధరణి గ్లాసు తుడిచి సంచీలో పెట్టింది. వెనక్కి తిరిగి చూస్తే సార్ మార్కుల కాగితం మీదకు వంగి ఉన్నారు. తల ఎత్తలేదు. కళ్లజోడు మాత్రం తీసి తుడుచుకుంటున్నారు.

జనవరిలో ఫలితాలొచ్చాయి. గొప్ప మార్కులేం కావు, గట్టెక్కింది. జితేంద్ర వర్గీకరణలో తప్పాడు. “పెయింట్ డబ్బాలు నన్ను వదల్లేదు దీదీ. పరవాలేదు, మళ్లీ రాస్తా” అని ఫోన్‌లో నవ్వాడు. ఆ నవ్వు కింద ఏముందో ధరణి అడిగింది. అతను చాలాసేపు చెప్పాడు.

రెండో టర్మ్ మొదటి శనివారం. తెల్లటి పొద్దు, అద్దంలా హార్బర్. ధరణి సంచీ భుజానికి తగిలించి, చెప్పులు తొడిగి, గడప దాటింది. జెట్టీ దగ్గర ఫెర్రీ మొదటి హారన్ వేసింది.

“ఎక్కడికే?”

మాట తుప్పుపట్టి ఉంది. ధరణి వెనక్కి తిరిగింది. అసిరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, అన్న మాటకు తనే భయపడిన ముఖంతో. చేతిలో నీళ్ల గ్లాసు ముందే ఉంది.

ధరణి చెప్పులు విడిచి లోపలికొచ్చింది. తండ్రి కూర్చున్న పీట వాల్చుకుని కూర్చుంది. నీళ్లు తాగింది, తొందరపడకుండా. తల్లి ఎదురుగా నేల మీద చతికిలబడి, తాగుతున్నంతసేపూ కూతురి ముఖాన్నే చూసింది. ఫెర్రీ రెండో హారన్ వేసి, తాడు విప్పుకుని, వెళ్లిపోయింది. తర్వాతి ఫెర్రీకి ఇంకా టైముంది.

“క్లాసుకమ్మా” అంది ధరణి, గ్లాసు తల్లి చేతికిస్తూ. “సాయంత్రం వచ్చేస్తా.”